అరచెయ్యి అవును, పిడికిలి కాదు

జూలై 3

అత్తకు,

కవరు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న బాగున్నారు. నీకు సొంత అన్నగారు కాబట్టి కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నారు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే "బొమ్మ గీయకుండా సర్క్యూట్ ఎలా చెప్పమంటావే" అని నువ్వే పెట్టేస్తావు. అందుకే కాగితం.

నేను లెక్కలు చెప్పే అంధుల బడికి ఆనుకుని, ఒకే ప్రహరీకి అవతలి పక్క, ఎలక్ట్రానిక్స్ శిక్షణ కేంద్రం ఉందని చెప్పాను కదా. పదో తరగతి అయిన పిల్లల్ని తీసుకుంటారు. మా బడి నుంచి ఇంతవరకు ఒక్కరూ ఆ గోడ దాటలేదు. ఈ ఏడు నా తరగతిలో ఒక పిల్ల దాటుతానంటోంది. వచ్చే ఏడాది చేరడానికి దరఖాస్తుకు సెప్టెంబరు ఆఖరు దాకా గడువుంది. పెద్ద మేడమ్ సంతకం కావాలి.

వెంటబెట్టుకుని వెళ్లాను. మేడమ్ మంచి మనిషే. పిల్ల తల నిమిరి, "అది చూసి చేసే పని తల్లీ. కుర్చీ అల్లిక ఉంది, సంగీతం ఉంది, టెలిఫోన్ బల్ల ఉంది. హాయిగా కూర్చుని చేసుకునేవి" అన్నారు.

ఈ పిల్ల ఊరుకుంటేనా! "మేడమ్, కరెంటు మీకు కనిపిస్తుందా?" అంది.

మేడమ్ దాని మొహంలోకి చూసి, నవ్వేశారు. చివరికి ఒక షరతు పెట్టారు. సర్క్యూట్లలో ఉండే గేట్లతో కూడిక చేయొచ్చని ఆవిడ ఎక్కడో చదివారట. గడువు లోపల మా పిల్లలు అది చేసి చూపించాలి. ఆవిడా, శిక్షణ కేంద్రం మాస్టారూ వచ్చి చూస్తారు. సరిగ్గా వస్తే సంతకం. లేకపోతే కుర్చీ అల్లిక.

నేను ధీమాగా తల ఊపి వచ్చాను. అత్తా, గేటు గురించి నాకు తెలిసిందల్లా అది కిర్రుమంటుందని. నువ్వే దిక్కు. అడుగు నుంచి చెప్పు.

నీ మేనకోడలు


జూలై 11

చిరంజీవి ఫ్యూజుకు,

ఈ పేరు మార్చమని అడగకు. ఏడేళ్ల వయసులో జడపిన్ను సాకెట్లో పెట్టి, ఇంటి దీపాలన్నీ ఆర్పి, "నేను చేశాను" అని గర్వంగా చెప్పిన పిల్లవి నువ్వు. నీ తరగతి పిల్ల ప్రశ్న చదివాక నువ్వే గుర్తొచ్చావు. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఇన్నేళ్లుగా లిఫ్టుల కంట్రోల్ బోర్డులు పరీక్షిస్తున్నాను, ఒక్కరోజూ కరెంటును చూడలేదు.

ఇక నెమ్మదిగా చదువు. గేటు లోపలికి తీగలు వస్తాయి, బయటికి ఒక తీగ వెళుతుంది. ప్రతి తీగ మీదా రెండే మాటలు: అవును, కాదు. వోల్టేజి ఎక్కువగా ఉంటే అవును, తక్కువగా ఉంటే కాదు. అవును అంటే ఒకటి, కాదు అంటే సున్నా. లోపలికి వచ్చిన మాటలను బట్టి బయటికి ఏ మాట పంపాలన్న నియమమే గేటు.

లిఫ్టు తలుపు మూసుకోవాలి, బటన్ నొక్కాలి. రెండూ ఉంటేనే లిఫ్టు కదలాలి. ఇది ఆండ్ గేటు. లోపలివాడు నొక్కినా, మెట్ల దగ్గర నిలబడ్డవాడు నొక్కినా సరే, పిలుపు అందాలి. ఇది ఆర్ గేటు. బరువు మించిందన్న మాట వస్తే, వెళ్లవచ్చన్న మాట ఆగిపోవాలి. మించలేదంటే వెళ్లవచ్చు. వచ్చినదాన్ని తిరగేసి పంపే ఇది నాట్ గేటు. మిగతావి వీటి పిల్లలే. ఆండ్ వెనక నాట్ పెడితే నాండ్. రెండు తలుపుల గడియలూ పడితే తప్ప మోగుతూనే ఉండే గంట దాని పని. ఆర్ వెనక నాట్ పెడితే నార్. లోపలా ఎవరూ లేరు, బయటా ఎవరూ పిలవలేదు, అప్పుడు మాత్రమే ఫ్యాను ఆపేస్తుంది. ఎక్స్‌ఆర్ కొంచెం పెంకిది. రెండింటిలో సరిగ్గా ఒక్కటే అవును కావాలంటుంది. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉన్న మెట్ల దీపం చూశావుగా, అదే.

లోపల ఏముంటుందని అడుగుతావు. ట్రాన్సిస్టర్లనే అతి చిన్న స్విచ్‌లు ఉంటాయి. వాటిని వేయడానికి వేలు అక్కర్లేదు, ఇంకో తీగలోని వోల్టేజి చాలు. రెండు స్విచ్‌లను ఒకదాని వెనక ఒకటి పెడితే, రెండూ పడితేనే కరెంటు దాటుతుంది. పక్కపక్కన పెడితే, ఏది పడినా దాటుతుంది. ఆండ్‌కూ ఆర్‌కూ ఉన్న తేడా అంతా ఆ అమరికలోనే ఉంది.

కూడిక సులభం. సున్నా, ఒకటి మాత్రమే ఉన్న లెక్కలో ఒకటీ ఒకటీ కలిస్తే, ఆ స్థానంలో సున్నా రాసి పక్క స్థానానికి ఒకటి మోస్తాం. మోత కావాలంటే రెండూ అవును కావాలి, అది ఆండ్. ఆ స్థానంలో మిగిలే అంకెకు ఒక్కటే అవును కావాలి, అది ఎక్స్‌ఆర్. ఎక్స్‌ఆర్ దొరక్కపోతే ఇలా కట్టు: ఆర్ అవును అనాలి, ఆండ్ కాదు అనాలి. కింద బొమ్మ గీశాను.

పార్శిల్‌లో గేట్ల చిప్‌లు, తీగలు, ఎరుపు, ఆకుపచ్చ దీపాలు పంపుతున్నాను. ఫలితం చక్కగా కనిపించాలని కాస్త పెద్ద దీపాలే ఎంచాను.

అత్త


జూలై 24

అత్తకు,

పార్శిల్ అందింది. చిప్‌లు చేతుల్లోకి తీసుకోగానే "జెర్రి! జెర్రి!" అని తరగతంతా గోల. కాళ్లు లెక్కపెట్టారు, గంటుపడ్డ కొస ఎటుందో తడిమి తెలుసుకున్నారు. తర్వాత దీపాలు తీశాను. ఒకడు దీపాన్ని వేళ్ల మధ్య తిప్పి, "ఇదేం చేస్తుంది టీచర్?" అన్నాడు. వెలుగుతుందన్నాను. "వెలిగాక?" అన్నాడు.

వాడే నవ్వాడు. "మీ అత్తగారికి మేమెవరో చెప్పలేదా టీచర్?" ఇక తరగతిని అదుపులో పెట్టడం నావల్ల కాలేదు. అన్నిటికంటే పెద్ద దీపాలు ఎంచావట అని చెప్పకుండా ఉండాల్సింది.

కోప్పడకు, ఆ నవ్వులోంచే ఒక ఉపాయం పుట్టింది. చిప్‌లు పక్కన పెట్టేశాను. పిల్లలే గేట్లు.

నువ్వు గీసిన బొమ్మ ప్రకారం కుర్చీలు వేశాం. వెనక ఇద్దరు పిల్లలు కూడాల్సిన అంకెలు. వాళ్ల ముందు ఆర్, ఆండ్. ఆండ్ ముందు నాట్. అందరికంటే ముందు చివరి ఆండ్, వాడు చెయ్యి ఎత్తితే ఆ స్థానంలో ఒకటి మిగిలినట్టు. ఎవరికి వాళ్లు ముందువాళ్ల భుజం మీద చెయ్యి వేస్తే అవును, వెయ్యకపోతే కాదు. నీ పేర్లు వాళ్లకు రుచించలేదు. ఆర్ ఇప్పుడు "ఏదైనా". మొదటి ఆండ్ "రెండూ" అనే కుర్రాడు. వాడు రోజంతా పది మాటలైనా మాట్లాడడు కానీ చేతులు మాత్రం గడియారంలా పనిచేస్తాయి. వాడిదే మోత, కాబట్టి ఒక చెయ్యి ముందు భుజానికి, రెండోది గాల్లోకి. నాట్ ఎవరో ఊహించగలవు. మేడమ్‌ను కరెంటు గురించి అడిగిన పిల్ల. పట్టుబట్టి తీసుకుంది. ఇప్పుడు బడంతా దాన్ని "కాదు" అని పిలుస్తోంది. వంటగదిలో "కాదుకి ఇంకో గరిటె వెయ్యి" అంటున్నారు.

ఒక చిక్కుంది. ఒకటీ ఒకటీ ఇచ్చినప్పుడు చివరివాడు చెయ్యి ఎత్తి, వెంటనే దించుతున్నాడు. ఎందుకో తెలియదు.

అసలు సంగతి అడుగుతాను. ఇది నిజంగా ఎలక్ట్రానిక్సేనా? నీ వస్తువులు వాడకుండా నేను ఆట ఆడిస్తున్నానా? మేడమ్ అడిగితే, లిఫ్టు బోర్డులు పరీక్షించే మా అత్త సరేనందని చెప్పొచ్చా? నువ్వు సరేనంటేనే ముందుకు వెళతాను. వెంటనే రాయి.

నీ మేనకోడలు


ఆగస్టు 29

అత్తకు,

నెల దాటింది. నీ నుంచి అక్షరం లేదు. మొదట ఉత్తరం దారిలో ఉందనుకున్నాను. తర్వాత నాన్న "మీ అత్తకు ఏదైనా నచ్చకపోతే నోరు మెదపదు, చిన్నప్పటి నుంచీ అంతే" అన్నారు. అర్థమైంది. దీపాల సంగతి నవ్వులాటగా రాయడం నాదే తప్పు. చిప్‌లు జాగ్రత్తగా ఉన్నాయి, తిరిగి పంపేస్తాను.

నువ్వు లేకుండానే నమూనా ప్రదర్శన పెట్టాను. బాగా జరగలేదు.

మేడమ్ ఒక్కరే వచ్చారు. సున్నాలతో సరిగ్గా వచ్చింది. ఒకటీ సున్నా సరిగ్గా వచ్చింది. నేను పొంగిపోయి ఆవిడ వైపు తిరిగి ఏదో చెబుతున్నాను. ఒకటీ ఒకటీ ఇచ్చారు. చివరివాడు చెయ్యి ఎత్తాడు. మోత చెయ్యి లేవలేదు. అంటే ఒకటీ ఒకటీ కలిస్తే ఒకటి!

"పెళ్లిళ్లలో అయితే ఒప్పుకుంటాను" అన్నారు మేడమ్. నవ్వుతూనే అన్నారు. అదే ఎక్కువ బాధ.

తిరిగి చూస్తే 'రెండూ'కి ముక్కులోంచి రక్తం. రెండు చేతులతో ముక్కు పట్టుకుని, వరస చెడగొట్టకూడదని కిక్కురుమనకుండా కూర్చున్నాడు. వాడి చెయ్యి లేదు కనుక, 'కాదు' తన నియమం ప్రకారం ముందు భుజం మీద చెయ్యి వేసింది.

వాడి మొహం కడిగించి వచ్చేసరికి అది ఏడుస్తోంది. ఎప్పుడూ ఏడవని పిల్ల. "నేను తప్పు చెయ్యలేదు టీచర్. నన్నెవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే చెయ్యి వెయ్యమన్నది మీరేగా! వాడు కాదంటున్నాడో, అసలు అక్కడ లేనే లేడో నాకెలా తెలుస్తుంది?"

మేడమ్ ఇంకొక్క అవకాశం ఇచ్చారు, సెప్టెంబరు చివరి వారం. పిల్లలు నేలచూపులు చూస్తున్నారని రాయబోయి ఆగాను. నేలచూపులు నావే. వాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు.

నీ మేనకోడలు


సెప్టెంబరు 4

చిరంజీవి ఫ్యూజుకు,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. భోజనం డబ్బా మూత పెట్టి, పరీక్ష బల్ల మీదే ఇది రాస్తున్నాను.

నాకు కోపం రాలేదు. నీ జూలై ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. దీపాలు ఎవరికి పంపుతున్నానో ఆలోచించలేదు. అవి పనికిరాలేదు కనుక పనికొచ్చేది చేయాలనుకున్నాను. ఫోన్లలో వణుకుతుందే, ఆ చిన్న మోటారు. దీపం బదులు అది పెట్టి, తీగల దారులు వేలికి తగిలేలా ఎత్తుగా ఉన్న బోర్డు చేస్తున్నాను. మూడుసార్లు చెడింది. పరీక్షించకుండా ఏదీ చేయి దాటించకపోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. బోర్డు తయారవుతోంది కదా, అదే జవాబు అనుకున్నాను. అది నా బల్ల మీద ఉందని నీకెలా తెలుస్తుంది? మీ నాన్న మాట పట్టుకుని నా మౌనాన్ని కాదు అని చదివావు. ఇంకొకరైతే అవును అని చదివేవారు.

ఇప్పుడు నీ పిల్ల ప్రశ్నకు వద్దాం. ఆ పిల్ల అడిగింది మా వృత్తి మొత్తంలో ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి. కొత్తగా చేరిన ఇంజనీర్లు నన్ను ఏడాది తర్వాత అడుగుతారు.

గేటుకు వచ్చే తీగను దేనికీ కలపకుండా వదిలేస్తే, దాని మీద సున్నా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. ఏదైనా ఉండవచ్చు. కొన్ని రకాల చిప్‌లు దాన్ని అవును అని చదువుతాయి. కొన్ని, పక్కన మనిషి చేయి ఆడితే అవును అని, తీస్తే కాదు అని తడబడతాయి. అందుకే ఏ తీగనూ గాలికి వదలం. ఎక్కువ వోల్టేజికో, సున్నా ఉండే గ్రౌండ్‌కో కట్టేస్తాం. సున్నాను కూడా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి.

లిఫ్టు తలుపుల దగ్గర ఇంకా కఠినంగా ఉంటాం. తలుపులన్నీ మూసి ఉన్నంతసేపూ ఆ తీగలో కరెంటు పారుతూనే ఉండాలి. తలుపు తెరిచినా ఆగుతుంది, తీగ తెగినా ఆగుతుంది, ఆగితే లిఫ్టు కదలదు. ఏ మాటా రాకపోతే అంతా బాగుందని అనుకునే లిఫ్టులో నేను నిన్ను ఎక్కించను. పరిష్కారం చెప్పను. ఈ మాత్రం చెప్పి పిల్లలకు వదిలెయ్యి.

చివరివాడు చెయ్యి ఎత్తి దించడం వాడి తప్పు కాదు. ఆర్ మాట వాడికి ముందే చేరుతోంది, ఆండ్ మాట నాట్ మీదుగా తిరిగి రావాలి. ఆలోపు తప్పు జవాబు మెరిసి పోతుంది. నిజమైన చిప్‌లలోనూ ఇలాగే జరుగుతుంది. అందరూ కుదురుకున్నాక ఒక గంట కొట్టు. గంట మోగినప్పుడు ఉన్నదే జవాబు.

ఇది నిజంగా ఎలక్ట్రానిక్సేనా అని అడిగావు. గేటు ఒక నియమం. దాన్ని పాటించేది ఇసుక నుంచి తీసిన సిలికాన్ అయితేనేమి, పదో తరగతి పిల్ల అయితేనేమి? మా అత్త సరేనందని చెప్పు. గట్టిగా చెప్పు.

అత్త


సెప్టెంబరు 27

అత్తకు,

నిదానంగా, వరసగా రాస్తాను.

నీ ఉత్తరం తరగతిలో చదివాను. "ఇంజనీర్లు ఏడాది తర్వాత అడుగుతారు" అన్న వాక్యాన్ని మన 'కాదు' మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఆ రోజు నుంచి వీపు నిటారుగా పెట్టుకుని నడుస్తోంది. సున్నాను కూడా పట్టుకుని ఉండాలన్న చోట మాత్రం ఆపమంది.

"అయితే చెయ్యి ఎప్పుడూ భుజం మీదే ఉండాలి టీచర్. అరచెయ్యి ఉంటే అవును. పిడికిలి ఉంటే కాదు."

"ఏ చెయ్యీ లేకపోతే?" అంది 'ఏదైనా' పిల్ల.

"తీగ తెగినట్టు. అప్పుడు లెక్క చెయ్యకూడదు. అరవాలి."

'రెండూ' నోరు విప్పాడు, అదే పెద్ద విశేషం. "ముక్కు కారినా?"

"ముక్కు కారితే చెప్పి కారాలి" అంది 'కాదు'.

నిన్న మేడమ్, శిక్షణ కేంద్రం మాస్టారు వచ్చారు. గంట నా చేతిలో. సున్నా సున్నా, సున్నా ఒకటి, ఒకటి సున్నా, ఒకటి ఒకటి. గంట మోగిన ప్రతిసారీ జవాబు సరిగ్గా వచ్చింది. "కూడిక అంటే ఇంతేనా?" అన్నారు మేడమ్. మాస్టారు కుర్చీలోంచి ముందుకు వంగి, "ఇంతేనండీ. ఇలాంటివే ఇంకొన్ని గొలుసు కడితే ఎంత పెద్ద అంకె అయినా కూడుతుంది. లెక్కల యంత్రం లోపల ఉన్నది ఇదే" అన్నారు.

అప్పుడు మేడమ్ చెప్పులు విడిచి లేచారు. చప్పుడు కాకుండా కుర్చీల మధ్యకు వెళ్లి, మాట్లాడొద్దని నాకు సైగ చేసి, అంకెల చెవుల్లో ఒకటీ ఒకటీ అని ఊదారు. అరచేతులు పడ్డాయి. ఆవిడ 'రెండూ' వైపు వంగి, 'కాదు' భుజం మీద నుంచి వాడి చెయ్యిని నెమ్మదిగా ఎత్తి, తన చేతిలో పెట్టుకున్నారు.

కిందటిసారి సరిగ్గా ఇక్కడే లెక్క తప్పింది. నేను గంట మోగకుండా పట్టుకున్నాను. నోరు విప్పకూడదు కదా.

'కాదు' చెయ్యి ముందుకు వెళ్లలేదు. గాల్లోకి లేచింది. "ఆపండి! నా తీగ తెగింది. నా వెనక ఎవరూ మాట్లాడటం లేదు."

మాస్టారు చప్పట్లు కొట్టారు. "మా పిల్లలైతే జవాబు రాసేసేవారు" అన్నారు. మేడమ్ మాత్రం ఏమీ అనలేదు. 'రెండూ' చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎంతసేపో. నాకు ఆవిడ మొహం కనిపిస్తోంది, కళ్లు తడిగా ఉన్నాయి. పిల్లలకు కనిపించదు కదా. వాళ్లకు వినిపించేది నిశ్శబ్దమే.

'కాదు' తల తిప్పింది. "మేడమ్, మీరు అవునన్నారా, కాదన్నారా? మీరు కూడా ఏ చెయ్యీ వెయ్యలేదు."

అత్తా, మేడమ్ వంగారు. దాని భుజం మీద చెయ్యి వేశారు. అరచెయ్యి. వేళ్లన్నీ విప్పి, గట్టిగా.

సంతకం తర్వాత పెట్టారు. దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు.

నీ మేనకోడలు


సెప్టెంబరు 30

చిరంజీవి ఫ్యూజుకు,

ఉత్తరం ఇప్పుడే అందింది. ఇప్పుడే రాస్తున్నాను. ఏదీ పరీక్షించలేదు. తప్పులుంటే ఉండనీ.

మా పరీక్ష విభాగంలో బల్ల ఎక్కి అందరికీ వినిపించేలా చదివాను. ఈ వయసులో బల్ల ఎక్కడం ఏమిటని మా పర్యవేక్షకుడు కింద నుంచి బల్ల పట్టుకున్నాడు. మామూలుగా లిఫ్టు ఊడిపడినా మీటరు మీంచి తల ఎత్తని మనిషి. "మీ పిల్లలు కట్టింది రెండు తీగల పద్ధతి" అన్నాడు. నిజమే. ప్రాణం మీదికి వచ్చే చోట మేము అవునుకు ఒక తీగ, కాదుకు ఒక తీగ వేస్తాం. రెండు తీగలూ మూగపోతే ఎక్కడో తెగిందని తెలుస్తుంది. మేము పుస్తకంలో చదివి నేర్చుకున్నాం. ఆ పిల్ల ఏడ్చి, కళ్లు తుడుచుకుని, తనంతట తాను కనిపెట్టింది. ఇక్కడ అందరికీ చెప్పాను. ఆ టీచరు ఎవరని అడిగితే నా మేనకోడలని చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

వణికే బోర్డు పని చేస్తోంది. దీనితో పంపుతున్నాను. మొదట 'కాదు' చేతిలో పెట్టు. గోడ అవతల మొదటి రోజు దాన్ని తీసుకెళ్లమను. అది విరగ్గొట్టినా సరే, ఎక్కడ విరిగిందో తనే కనుక్కుంటుంది.

మీ నాన్నకు చెప్పు, నచ్చకపోతే నోరు మెదపననే మాట ఇక చెల్లదని. నువ్వు కూడా, రాయడానికి ఏమీ లేదనిపించిన నెలలో, కనీసం ఒక పిడికిలి పంపు.

నీ భుజం మీద అరచెయ్యి వేసి,
అత్త